ఎక్కడికని అడిగాడు

"అమ్మమ్మా, డెన్మార్క్ ట్రిప్ ఎలా జరిగింది?"

ఎలా జరిగిందంటావా... మీ తాతయ్యతో ఊళ్ళు తిరగడం ఇంక నా వల్ల కాదే లావణ్యా. నవ్వకు. నువ్వా కారులో ఉంటే తెలిసేది.

పొద్దున్నే ఇక్కడ వోల్ఫ్స్‌బర్గ్‌లో బయలుదేరాం. మావాడు, అదే మీ మామయ్య, కోడలు, వాళ్ళ చిన్నది, మేమిద్దరం. వాడికి సెలవు, అదే ఈ జర్మనీవాళ్ళనేది, ఆ ఉర్లౌబ్ దొరకడమే గగనం కదా. అమ్మానాన్నలకి ఆ దేశం కూడా చూపించాలని ఎప్పట్నించో వాడి ఆశ. సముద్రం దగ్గర కారుతో సహా ఓడెక్కేశాం. మన నర్సాపురం పంటు లేదూ, అలాగన్నమాట. అప్పట్లో పావలా ఇస్తే... కాదు కాదు, సైకిలుంటే అర్ధరూపాయి. దానికీ మా నాన్న బేరమాడేవాడు. సరే, అదలా ఉంచు.

ఓడ దిగి డెన్మార్క్‌లో అడుగుపెట్టామో లేదో, పోలీసాయన కారు ఆపాడు. మర్యాదగానే, "ఎక్కడికి వెళ్తున్నారు?" అని ఇంగ్లీషులో అడిగాడు. అంతే! ఇంగ్లీషు మాస్టారు కదా మీ తాతయ్య, అర్థమైపోయింది. మావాడు చెప్పబోతుంటే వాడి నోటికి చెయ్యి అడ్డంపెట్టి, "చెప్పకురా!" అని ఒక్క అరుపు. బయలుదేరినవాళ్ళని ఎక్కడికని అడగకూడదుట. అడిగితే కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరాలిట. ఊళ్ళో అంటే సరే, పోలీసు దగ్గర కూడానా?

ఆయనేమనుకుంటాడు చెప్పు? ఏదో దాస్తున్నామనుకున్నాడు. కారు పక్కకి పెట్టించి డిక్కీ తెరిపించాడు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కుక్కరు... ఒక్కోటీ బయటికి తీస్తుంటే నా ప్రాణం పోయినంత పనైంది. చూడ్డానికొచ్చిన వీసా మాది. వెనక్కి పంపేస్తారేమోనని దేవుళ్ళందరికీ మొక్కుకున్నా. మావాడైతే, "ఇంకెప్పుడూ మిమ్మల్ని ఎక్కడికీ తీసుకురాను నాన్నా" అన్నాడే. అంతమాట వాడెప్పుడూ అనలేదు.

చివరికి చిన్నదే పోలీసాయన దగ్గరికెళ్ళి చెప్పింది, మా తాతయ్య నీళ్ళు తాగితేగానీ చెప్పడు అని. ఆయన నవ్వేసి, "అయితే తాగమను" అన్నాడు. ఈయన ఆ చలిగాలిలో, రోడ్డు పక్క దిమ్మ మీద బాసింపట్టు వేసుకుని, తాపీగా నీళ్ళు తాగి, లేచి, మేం దిగబోయే ఇంటి అడ్రసు పిన్‌కోడుతో సహా అప్పజెప్పాడు. సిగ్గుతో చచ్చాననుకో.

తర్వాత అన్నీ బాగానే జరిగాయిలే. ఒక్క చినుకు పడలేదు. దానికి కూడా "చూశావా, నీళ్ళు తాగి బయలుదేరాం కదా" అంటాడు! ఎవరితో చెప్పుకోను? మావాడు రెండ్రోజులు ఈయనతో సరిగ్గా మాట్లాడలేదు. వచ్చేటప్పుడు మాత్రం, ఓడెక్కేముందు వాడే సీసా అందించి, "తాగేయండి నాన్నా, మళ్ళీ అడుగుతారేమో" అన్నాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

అయ్యో, లేచావేంటి? ఎక్కడికే అంత తొందరగా... ఛ, నా నోరు మండ! కూర్చో, కూర్చో. ఈ ట్రైను పోతే ఇంకోటొస్తుంది. రేపు ఇంటర్వ్యూ పెట్టుకుని... ఇదిగో మంచినీళ్ళు. మొత్తం తాగు. ఆఁ, ఇప్పుడు లే. చల్లగా వెళ్ళి ఉద్యోగంతో రా తల్లీ.

లోపల మీ తాతయ్యకి వినపడలేదు కదా?