ఆవిరిగది గడియ

సినిమా అయిపోయింది. మర్యుత్ టీవీ కట్టేసి, పక్కన స్వెటర్ అల్లుతున్న తల్లి వైపు తిరిగింది. ఐదేళ్లప్పుడు ఈ దెయ్యం సినిమా చూసి జడుసుకుందని, ఫిన్లాండ్‌లోని టాంపెరే ఊళ్లో ఉన్న ఈ ఇంట్లో అందరూ ఆమెను ఇప్పటికీ పిరికిది అంటారు.

"ఇందులో తలుపు బాదే దెయ్యం ఏదమ్మా?"

"ఉంటుందిలే. దాన్ని చూసేగా ఆవిరిస్నానానికి రానని ఏడ్చేదానివి."

"మొత్తం చూశాను. దెయ్యం సరస్సు దాటి బయటికే రాదు. ఆవిరిగది అసలు లేనే లేదు."

"చిన్నపిల్లవి. కలగని ఉంటావు."

"ఆవిరిగది తలుపుకి ఎవరైనా గడియ పెడతారా? లోపల మనిషి సొమ్మసిల్లితే ప్రాణం పోతుందని ఈ దేశంలో ఏ ఇంట్లోనూ పెట్టరు. మన ఇంట్లో ఉండేది, అదీ బయటవైపు. నాన్న పెట్టాడు."

తల్లి అల్లిక ఆపలేదు.

"లోపల్నించి బాదింది ఎవరమ్మా?"

"రేపు ఆయన పుట్టినరోజు పెట్టుకుని ఇప్పుడెందుకే ఇవన్నీ?"

"నువ్వేనా?"

"నేనే. గడియ తీసింది నువ్వు. స్టూలు ఈడ్చుకొచ్చి, ఎక్కి తీశావు."



"మరి ఇన్నేళ్లూ అందరూ నన్ను పిరికిది అంటుంటే, నువ్వు కూడా ఎలా నవ్వావమ్మా?"