గీత పక్కన కూసున్నది నేనే

"తాతా, మీదంత గోల్ఫ్ ఇల్లు గదా, మీ శ్రావణి రగ్బీల ఎట్ల పడ్డది?" అంటున్నవు. చెప్త. ముందుగాల ఆ కాలు మీద కాలు తియ్యి. ఆఁ, గట్ల. ఫోన్ల ఎక్కుతుందా నా మాట? సరే.

గోల్ఫ్ ఇల్లంటే మేమేదో సాబులమనుకునేవు బిడ్డా. కాదు. మీసం రాకముందే నేను సాబుల గోల్ఫ్ కట్టెల సంచి మోసిన. అప్పుడు బీరంగూడ నుంచి సైకిల్ మీద పోతే రోడ్డు మీద రెండు లారీలు కనబడ్తే గొప్ప. చాయ్ పావలా... కాదు కాదు, ముప్పై పైసలు. తర్వాత ఆ గోల్ఫ్ గ్రౌండుల్నే గడ్డి పనిల పెట్టుకున్నరు. మా పెద్దోడు పిల్లలకు గోల్ఫ్ నేర్పుతడు, శ్రావణి వాని బిడ్డనే. చిన్నోడు పోటీలల్ల ఆడుతడు. బంతి కొట్టేటోడు నిలబడితే పక్కనోళ్లు దగ్గొద్దు గదా. ఆ అలవాటుకు మా ఇంట్ల సూదిల దారం ఎక్కించినా అందరు నోరు మూసుకుంటరు.

గసొంటి ఇంట్ల పుట్టి ఈ పిల్ల ఒకనాడు మోకాళ్లకు మట్టి, ముక్కుకు పట్టీతోని వచ్చింది. చంకల సొరకాయ తీరు బంతి.

"ఏందే ఇది?"

"రగ్బీ తాతా. బంతి పట్టుకొని ఉరకాలె. అడ్డమొచ్చినోళ్లను నెట్టాలె."

"మరి వాళ్లు నిన్ను నెట్టరా?"

"గదే గదా ఆట!"

మా ఆమె ఆ బంతిని బియ్యం డబ్బా ఎనుక దాచింది. నాకైతే దెబ్బల కంటే ఎక్కువ బాధ ఏందంటే, ఆ ఆట గడ్డి మీద ఆడుతరట. అడుగున మేకులున్న బూట్లు ఏసుకొని!

ఆఖరికి నేనే తీర్పు చెప్పిన. ఒక్క ఆట చూస్త, చూసి వద్దంటే బూట్లు అటకెక్కాలె, మల్ల అడగొద్దు. "సరే తాతా" అన్నది. వద్దనాలనే పోయిన, అబద్ధమెందుకు.

ఆదివారం సంగారెడ్డిల ఆట. ఆ రోజే జిల్లా జట్టుకు పిల్లల్ని ఎంచుతరట. పటాన్‌చెరుల బస్సు ఎక్కితే కంపెనీల పనిచేసే బీహార్ పిల్లగాడు "బైఠో చాచా" అన్నడు. కూసోలే. మనిషి నడుము వంగనీయొద్దు. ఆఁ, ఏడున్న? ఆట.

ఏడుగురు ఈ దిక్కు, ఏడుగురు ఆ దిక్కు. సీటీ కొట్టంగనే గడ్డి పెళ్లలు పెళ్లలు లేసింది. నా పానం ఆగలే. గడ్డి సర్దే రెండు కొమ్ముల ఇనుప పుల్ల ఇప్పటికీ నా జేబులనే ఉంటది. లోపలికి పోయి, కూసొని, పెళ్లను అదుముతున్న. పద్నాలుగు మంది నా మీదికే ఉరికొస్తున్నరు. సీటీ కొట్టే సారు పరేషాన్.

"పెద్దాయనా, ఏం చేస్తున్నరు?"

"నీ గ్రౌండు బాగు చేస్తున్న."

"ఆట నడుస్తుంది!"

"ఆట రేపు గూడ నడుస్తది. గడ్డి ఎండితే?"

"తాతా, ఇజ్జత్ తీయకు!" అని శ్రావణి ఒర్లింది. నన్ను పట్టుకపోయి గ్రౌండు ఆ కొసకు, సున్నం గీత అవుతల కూసోబెట్టిండ్రు.

కూసున్న గని కండ్లు ఊకుంటయా? ఒకామె దీని నడుము పట్టుకుంటే, ఇది ఆమెను ఈడ్చుకుంటనే ఉరుకుతది. నేనెప్పుడు లేసి నిలబడ్డనో నాకే తెల్వదు. "నెట్టెయ్, నెట్టెయ్" అని ఒర్రిన. జిందగీల గట్టిగ నవ్వనోన్ని!

ఆఖరి నిమిషం. మూడు పాయింట్లు వెనకున్నరు. గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ఐదు పాయింట్లు, గెలుపే. శ్రావణి నేనున్న కొసకే ఉరికొచ్చి దూకింది. మీద ఇద్దరు పడ్డరు. సారు సీటీ కొట్టి పాయింట్లిచ్చిండు. మనోళ్లు ఎగురుతున్నరు. ఇది లేసి, నోట్ల మట్టి ఉమ్మి, సారు దగ్గరికి పోయి, "సార్, బంతి నేలకు ఆనలే. ముందే చేతులకెల్లి జారింది" అన్నది.

నేర్పే మేడం తల పట్టుకున్నది. "నిన్నెవరన్న అడిగిండ్రా?"

"మా ఇంట్ల అడిగేదాక ఆగరు మేడం."

గోల్ఫ్‌ల ఎంబడి సీటీ కొట్టేటోడు ఉండడు గదా బిడ్డా. చెట్ల ఎనుక బంతిని కాలితో జరిపినా చూసేటోడు లేడు. నీ తప్పు నువ్వే చెప్పాలె. అది దానికి నేను నేర్పిందే. ఓడిపోయిండ్రు. జిల్లా జట్టుల గూడ దీన్ని తీసుకోలే ఆ ఏడు.

తిరిగొచ్చే బస్సుల మెల్లగ అడిగింది, "ఇగ బూట్లు అటక మీదికేనా తాతా?"

"ఆడు" అన్న. గంతే.

దాని నిజాయితీ చూసి ఒప్పుకున్న అనుకుంటరు అందరు. పెద్దమనిషి అంటరు. ఫోను జెర దగ్గర పెట్టు. గీత పక్కన కూసున్నది నేనే గదా. బంతి జారుడు నేను చూసిన. సారు కంటే దగ్గరి నుంచి, కండ్లార చూసిన. చెప్పాల్సింది నేను. చెప్పిన్నా? ఎగిరెగిరి చప్పట్లు కొట్టిన బిడ్డా! అది సారు దిక్కు పోతుంటే "పోకే, పోకు" అని లోపల మొక్కుకున్న. గసొంటోన్ని, దాని బూట్లు అటకెక్కిస్తనా?

ఇంతవరకు ఇంట్ల ఎవ్వలకు చెప్పలే. నువ్వు గూడ చెప్పకు... ఆఁ, కాదు. చెప్పు. ముందుగాల శ్రావణికే వినిపియ్యి.

సల్లగుండు బిడ్డా, మంచిగ సదువుకో. పోయేటప్పుడు వాకిట్ల గడ్డి తొక్కకు, ఇప్పుడే నీళ్లు పెట్టిన.