తవుడుకిచ్చిన పిల్ల

మదనపల్లెలో కోర్టుకు ఎదురుగా వకీలు లక్ష్మీపతి గది. కురబలకోట నుంచి పార్వతమ్మ మొదటి బస్సుకే వచ్చి కూర్చునుండాది. పందొమ్మిదివందల డెబ్బై ఎనిమిది, ఎండాకాలం.

"అది కాదవ్వా, నేనడిగేది ఒకటే. పోయిన వారం బీమా ఆఫీసరు ముందర ఆ మాట యాల చెప్పితివి?"

"ఏ మాట నాయనా?"

"ఏ మాటంటావా. ఈ పిల్ల నీ మనవరాలేనా అని ఆయనడిగితే, కాదు, మునిరత్నమ్మ బిడ్డ అంటివే, ఆ మాట."

"ఆయన పెద్ద గొంతుతో అడిగె. కిటికీలు తెరిచుండాయి, తలుపులు తెరిచుండాయి. వినేటోళ్లు ఎవరెవరుంటారో. నాకు భయమైపాయె."

"వినేదానికి ఆడుండేది నేను, టైపు కొట్టేటాయన, మిల్లు తరపు వకీలు. అంతే గదా."

"నేను చెప్పేది వాళ్ల గురించి కాదులేప్పా."

"తెలుసులే. నీ కొడుకు హనుమంతుది మిల్లు పని. మిల్లు పనోళ్ల పిల్లోళ్లకు రోగమొస్తే బీమా ఆఫీసోళ్లే వైద్యం చేయించాల, అది చట్టం. పాప గుండెలో బెజ్జముండాదని డాక్టరు రాసిచ్చినాడు. రాయవేలూరులో ఆపరేషనుకు చీటీ ఇమ్మంటే, పిల్ల పేరు కార్డులో ల్యాదనిరి. హనుమంతు యాల రాయించలా?"

"నేనే వద్దంటి."

"పంచాయతీలో పుట్టుకన్నా రాయించకూడదా?"

"అదీ నేనే వద్దంటి."

"సరిపాయె. కార్డులో ల్యాదు, పంచాయతీ పుస్తకంలో ల్యాదు. కన్నోళ్ల మాట ఒకటే చాలదంటారు. కేసులో నాకుండేది నీ నోరొక్కటే. నువ్వు చూస్తే..."

"దీనికి ముందర ముగ్గురు పోయినారు నాయనా. పెద్దోడు పన్నెండో దినం. రెండోది పాలు తాగతా తాగతానే. మూడోదానికి నడక గూడా వచ్చె, సంగటి ముద్ద చేతిలో పట్టుకోని గోడ పట్టుకోని..."

"చెప్పినావవ్వా."

"చెప్పినా మళ్లీ చెప్తా, విను. ఇది పుట్టిన తొమ్మిదో దినం ఎదురింటి మునిరత్నమ్మను పిలిస్తి. గడపకు ఈ తట్టు నేను, ఆ తట్టు ఆమె. ఆమె చేటలో తవుడు పోసె, నేను బిడ్డనిస్తి. నీ బిడ్డ అంటి. నా బిడ్డ అనె. ఆ దినం నుంచి దాన్ని తౌడమ్మా అనే పిలిచేది. మా ఇంట్లోనే తింటాది, మా ఇంట్లోనే పండుకుంటాది. మాది అని మాత్రం ఎవురూ అనకూడదు. అంటే ఆ ముగ్గురిని తీసకపోయిందే వచ్చి దీన్నీ తీసకపోతాది. ఆరేండ్లు బతికిందా ల్యాదా?"

"బతికిందవ్వా. కానీ మిల్లు వకీలు నీ మాటనే పట్టుకున్యాడు. అవ్వే కాదంటాంటే ఆ పిల్ల హనుమంతు కూతురెట్లయితాదని."

"వాడు మంచోడేప్పా, గోవిందరాజులు. మా చెల్లెలి ఆడబిడ్డ కొడుకు. చిన్నప్పుడు మా ఇంట్లో బెల్లం కుండ..."

"బెల్లం కుండ ఇంకోసారి చెబుదువులే. నిన్న నేను ఆఫీసరు ఇంటికాడికే పోయినా. అవ్వ చదువుకోని మనిషి సార్, భయంతో చెప్పింది, ఇంకొకసారి అడగండి అని కాళ్లావేళ్లా పడినా. ఒప్పుకున్యాడు. ఈ దినం పన్నెండుకు. ఒక్క మాట చెప్పితే సాయంత్రానికి చీటీ, ఎల్లుండికి రాయవేలూరు."

"ఎల్లుండా."

"ఎల్లుండే. ఏమవ్వా, సంతోషం ల్యాదా?"

"నువ్వు కాఫీ తాగినావా నాయనా? మొగం పీక్కపోయుండాది."

"నా మొగం సంగతి వదిలెయ్. హనుమంతు రాలేదేంది? ఆయన సంతకం గూడా కావాల."

"చేనుకాడుండాడు. తవ్వతాండాడు."

"ఈ దినం గూడా చేనేనా? ఇంకెవురూ లేరా తవ్వేదానికి?"

"వాని తమ్ముడు గంగప్ప గూడా ఆడికి పోయినాడు. వీడు పార ఎవురికీ ఇయ్యలా. నేనే తవ్వతా అన్యాడు."

"ఏం మనుషులో. ఆ ఒళ్లో మూటేంది?"

"తవుడు."

"అంటే నేను చెప్పింది విన్యావన్నమాట. తవుడు వాపసిచ్చేస్తే నీ భయం గూడా తీరతాది గదా అంటి."

"పొద్దున ఇయ్యబోతి. ఆమె తీసుకోలా. కొంగు నోట్లో కుక్కుకోని, ఇంక తవుడేందక్కా, బిడ్డ నీదే అనె."

"చూడు, ఆమే ఒప్పుకునె. ఇంక నీకేం అడ్డం? ఒకసారి చెప్పు, వింటా. నేనే ఆఫీసరనుకో. పిల్ల పేరేమి?"

"అమరావతి."

"నీ నోట ఈ పేరు వినడం ఇదే మొదలు. ఎవురి కూతురు?"

"హనుమంతు కూతురు."

"నీకేమవుతాది?"

"మనవరాలు. నా కొడుకు కన్న బిడ్డ. మా ఇంటి పిల్ల."

"ఇట్ల చెప్పాల. గొంతు గూడా వణకలేదే. అంత భయం ఏమైపాయవ్వా?"

"ఇంక ఎవురికి భయపడాల నాయనా. తెల్లారకముందే నా చేతుల్లోనే పానం పాయె. మీ కాగితాల్లో మా పిల్ల కాదని రాసుండాదే, హనుమంతు గుంత తవ్వేసి దానిమీద మన్ను కప్పేలోపల ఆ మాట కొట్టేయించు."