భూమి ఇరుసుకు ఆముదం పెట్టినోడు

బోధన్‌లో చెరుకు బండ్లు పోయే సందులో, ఇంటి అరుగు మీద సత్తవ్వ ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్నది. ఇంకా ఆరు కట్టలు కావాలి. కార్ఖానా తలుపు మూసేలోగా అప్పజెప్పకపోతే రేపటికి ఆకు ఇవ్వరు. నల్లా వచ్చే వేళ కూడా అయింది.

"జర రెండు బిందెలు నీళ్లు తెచ్చిపెట్టు" అని మొగుణ్ని అడిగింది.

"మొగోడు బిందె మోస్తే సందంత నవ్వుతది" అన్నాడు ఆత్మారాం, అరుగుకు అటువైపు కాళ్లు చాపుకుని.

అప్పుడే అతని దోస్తులు, దర్జీ ఎజాజ్, పాన్‌డబ్బా లింబాద్రి, వచ్చి కూర్చున్నారు. చాట దించి చాయ్ పెట్టింది కూడా సత్తవ్వే. చాయ్ లోపలికి పోగానే ఆత్మారాం నోట్లోంచి మాట బయటికి వచ్చింది.

"పోయినేడు ఎనిమిది నెలలు కానరాకపోతి గదా, ఎటు పోయిన్ననుకుంటున్నరు? దక్షిణ ధ్రువం! ఆకాశంలకు కుక్కను పంపిన రష్యా దొరలు గక్కడ మంచు మీద ఆఫీసు పెట్టిండ్రు. గాలెంత, చలెంత, అన్నీ కొలిచి రాసుకుంటరు. బొంబాయిల ఓడ ఎక్కేటాలకు వాళ్ల వంటోడు జ్వరంతోని పడ్డడు. ఆత్మారాం, ఇగ నువ్వే దిక్కన్నరు. నాలుగు రొట్టెలు కాల్చుడే గదా అని ఎక్కిన."

సత్తవ్వ దారం గట్టిగా తెంపింది. నాలుగు రొట్టెలట! ఈ మనిషికి ఇంట్లో పెనం ఏ మూలన ఉంటుందో తెలియదు.

"చలి ఎట్లుంటది భాయ్?" ఎజాజ్ అడిగాడు.

"చలా? రొట్టె పెనం మీదికెళ్లి తీసి పళ్లెంల ఏసేలోపు రాయైతుండె. గా రొట్టెలనే బండికి గీరెలు జేసి నడిపినం. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? దొరలు మంచుల తొవ్వ తప్పుతున్నరని మోర్తాడ్ పసుపు చల్లుకుంట పోయిన, మూడు వందల మైళ్లు! గక్కడ మనిషి లెక్క నిలబడి నడిచే పక్షులుంటయి, నా నడుమంత ఎత్తు. అవి గా పసుపు తొక్కి, పెండ్లిపిల్లల లెక్క తయారై నా ఎనకనే వచ్చినయి."

సందులో చెరుకు బండి ఒకటి కిర్రుమంటూ పోయింది. ఆత్మారాం కళ్లు మెరిశాయి.

"గీ చప్పుడే! ధ్రువం కాడ భూమి ఇరుసు అచ్చం గిట్లనే కిర్రుమంటుండె. దొరలకు నిద్ర లేదు. ఆముదం డబ్బ పట్టుకుని, మంచుల బొక్క తవ్వి లోపలికి దిగిన, ఇరుసుకు మొత్తం పట్టించిన. గా దినంకెళ్లి భూమి నెమ్మదిగ తిరుగుతున్నది. ఇప్పుడేమన్న చప్పుడు ఇనబడుతున్నదా, చెప్పుండ్రి?"

ఇద్దరూ చెవులు రిక్కించారు. వినబడటం లేదని ఒప్పుకోక తప్పలేదు.

"మరి గక్కడ ఆడోళ్లు?" అన్నాడు లింబాద్రి.

"ఒక్కతి లేదు. గా చలికి ఆగుతరా ఆడోళ్లు?"

సత్తవ్వ చెయ్యి ఆగింది. "మరి నీళ్లెవరు తెచ్చేది?"

"నేనే! నలభై మందికి! మంచు పలగ్గొట్టి, కరగబెట్టి, నెత్తిన మూడు బిందెలు, సంకకొకటి. గక్కడ ఆర్నెల్లు పొద్దు గూకదు. ఒక్క దినం మోసిన్నంటే ఆర్నెల్లు మోసినట్టే. బిందె కింద పెట్టలే!"

"ఎవ్వరు నవ్వలేదా?"

"నవ్వుడా? దొరలు టోపీలు తీసి దండం పెట్టిండ్రు!"

సత్తవ్వ లేచి లోపలికి పోయింది. రెండు బిందెలు తెచ్చి మొగుడి కాళ్ల ముందు పెట్టింది.

"ఎజాజన్నా, లింబాద్రన్నా, ఇన్నరు గదా. ఆర్నెల్లు మోసిన నెత్తి. గీడ మంచు పలగ్గొట్టే పని గూడ లేదు, నల్లా తిప్పితే చాలు."

"అదీ... గా చలికి నడుము పట్టేసిందే..."

"నాందేడ్‌ల గంత చలి ఉంటదా? గా ఎనిమిది నెలలు మా ఆడబిడ్డ ఇంట్ల తిని కూసున్నవు. 'మా తమ్ముడు కూజ ఒంచుకుని నీళ్లు తాగుతలేడు, జల్ది తోలుకపో' అని ఆమెనే కబురు పంపింది."

ఎజాజ్‌కు చాయ్ పొలమారింది. లింబాద్రి కాళ్లు ముడుచుకుని తొవ్వ ఇచ్చాడు. ఆత్మారాం సందులో ఇటు చూశాడు, అటు చూశాడు, చేతికొక బిందె పట్టుకుని అరుగు దిగాడు.

సత్తవ్వ మళ్లీ చాట ఒడిలోకి లాక్కుంది. కాసేపటికి నల్లా దగ్గర ఆడవాళ్లు గొల్లున నవ్వారు. ఆ వెనకే మొగుడి గొంతు లేచింది: "నవ్వకుండ్రే! నేను బిందె ఎత్తితే రష్యా దొరలే టోపీలు తీసిండ్రు..."

"మళ్ల షురూ జేసిండు, చెల్లె. పోయి ఆపాల్నా?" అన్నాడు ఎజాజ్.

"ఎందుకన్నా, చెప్పనీ" అంది సత్తవ్వ, ఆకు మడుస్తూ. "బిందెలు నిండేదాక చెప్పనీ."