కొంగ తల మీది ఎరుపు

"ఆ పట్టు నీ చేతిలోనే చిరిగిపోతుందేమోనే. పొద్దున్నుంచీ నా కుడికన్ను అదురుతోంది."

"అమ్మా, కుడుముల డబ్బా అక్కడ పెట్టు. ఇటువైపు ఊపిరి కూడా వదలకు."

చైనాలోని సుజౌలో ఒక మ్యూజియం. పట్టుగుడ్డ మీద వందల ఏళ్ళనాడు గీసిన ఎర్రతల కొంగ బొమ్మను తడిపి, బల్ల మీద బోర్లా పరిచారు. ముందువైపు రంగు కదలకుండా కాగితం అంటించి, కూతురు వెనకనున్న పాత కాగితం ఊడదీస్తోంది.

"అంచున ఆ ఎరుపేంటే? వేలు తెగిందా?"

"నా వేలు కాదు. కొంగ తల. రంగు కరుగుతోంది."

"తడిపేముందు ప్రతి రంగు మీదా తడిదూది అద్ది చూడాలని కదా మీ గురువుగారు నేర్పింది?"

"మూలనున్న చిత్రకారుడి ఎర్రముద్ర మీద అద్దాను. ఆ ఎరుపు కదల్లేదు. తలదీ అదే ఎరుపనుకున్నా."

"అయిపోయింది. నిన్ను గెంటేస్తారు. వదిలేసి ఆయనకి ఫోన్ చెయ్యి."

"ఆయన వచ్చేలోగా ఇది ఆరిపోతే పట్టు పొడైపోతుందమ్మా. ఇప్పుడే తిప్పాలి."

తిప్పింది. ముందువైపు కాగితం మెల్లగా లేపి, మొహం పక్కకి తిప్పేసుకుంది.

"నేను చూడలేను. నువ్వు చూసి చెప్పు."

"నన్నెందుకే చంపుతావు?"

"నువ్వెలాగూ ఘోరమే చెప్తావుగా. దానికి సిద్ధంగానే ఉన్నా."

తల్లి బొమ్మ మీదకి వంగింది. తల నుంచి రెక్క దాకా వెతికి చూసింది.

"అమ్మా. ఏదో ఒకటి అను."

కూతురు బల్ల అంచు పట్టుకుని నేలకేసి చూస్తూ నిలబడింది.

"ఎరుపంతా కాగితానికే అంటుకుంది తల్లీ. రెక్క తెల్లగానే ఉంది. తల కూడా ఎర్రగానే ఉందే. ఇది ఇంకో ఎరుపు, బాగా పాతది. దాని మీద ఎవరో తర్వాత పూసిన రంగే కరిగినట్టుంది."