ఆగుడు వచ్చిన కారు

కర్దనూరు దారిలో, మందుల ఫ్యాక్టరీ గేటు ముందున్న స్పీడ్ బ్రేకర్ మీద ఒక యువకుడు గడ్డపార ఎత్తాడు. ఊడ్చే పని ముగించుకుని గేటు దాటిన ముసలామె అతని ముందు నిలబడింది.

"దీన్నెందుకు తవ్వుతున్నవ్ బిడ్డా?"

"మన ఫ్యాక్టరీ సేటు సూపర్ కారు కొన్నడు పెద్దమ్మా. దాని పొట్ట దీనికి తాకుతదట."

"తక్కిన కార్లకు తాకదా?"

"గవి మామూలు కార్లు. ఇది గంటకు మూడు నూర్ల కిలోమీటర్లు ఉరుకుతది!"

"పటాన్‌చెరు దాకా లారీలే లారీలు. యాడ ఉరుకుతది?"

"ఉరకకున్నా ఉరకగలదు గదా. గదే దాని గొప్ప."

"మా ఆటో గుంతల దారిల పదిమందిని మోస్తది. మరి అది?"

"ఇద్దరిని. సంచి పెట్టనీకి గూడ జాగ ఉండది."

"ఇగ దేంట్ల గొప్ప బిడ్డా?"

"అన్ని కార్లు రోడ్డును జూసి నడుస్తయి పెద్దమ్మా. దీన్ని జూసి రోడ్డే వంగుతది."

అతను నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

"నా కోడలు డ్యూటీ దిగి ఈడనే రోడ్డు దాటుతుంటే కారు గుద్దింది. పీనుగను గేటు కాడ పెట్టి కూసుంటే గప్పుడేసిన్రు దీన్ని."

గడ్డపార మెల్లగా కిందికి దిగింది.

"నాకెరుక లేదు పెద్దమ్మా. గని తవ్వకుంటే నా పని పోతది."

"నీ పని ఎందుకు పోవాలె? నేను లేచినంక తవ్వు."

ఆమె టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని స్పీడ్ బ్రేకర్ మీద కూర్చుంది.

"జల్దీ లే పెద్దమ్మా, సేటు వచ్చే యాళ్లయింది!"

"రానీ బిడ్డా. దాని ఉరుకుడు సంగతి నువ్వు చెప్పినవ్. ఆగుడు వస్తదో రాదో నేను జూస్త."