బండి ఎంతసేపు ఆగింది

మెకానిక్ షెడ్డు, మధ్యాహ్నం. బానెట్ ఎత్తిన పాత డీజిల్ కారు పక్కన మెకానిక్కూ, రిటైరైన లారీ డ్రైవరూ.

"కాదు బాబాయ్, ఆ బంకు మీద మిగతా నలుగురూ ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. నీదొక్కటే మిగిలింది."

"మిగలనీ. బండి ఎందుకు ఆగిందో నువ్వు రాసిస్తావా, రాసివ్వవా?"

"రాసివ్వనని ఎవరన్నారు? పొద్దున్న బంకు మేనేజరు మళ్లీ వచ్చాడు. ట్యాంకు కడిగించి, పంపు మార్పించి, కారు కొత్తదానిలా చేయిస్తాడట. వినియోగదారుల ఫోరంకి మాత్రం వెళ్లొద్దంటున్నాడు."

"వాడి రిపేరు ఎవడిక్కావాలి? నాకు కాగితం కావాలి. డీజిల్లో నీళ్లున్నాయి, అందుకే బండి ఆగింది అని ఫోరంవాళ్లు ముద్ర వేసి ఇవ్వాలి."

"ఏం చేసుకుంటావు? ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తావా?"

"మా అమ్మాయికి చూపించుకుంటాను."

"అమ్మాయికా?"

"ఆ రోజు దానికి ఉద్యోగంలో మొదటి రోజు. సిటీ బస్సు డ్రైవరు. పదిన్నర ట్రిప్పు. నాన్నా, నా బస్సులో ముందు సీట్లో నువ్వే కూర్చోవాలి అంది. మూడేళ్లకి చేసిన ఫోను మేస్త్రీ అది. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను."

"దార్లో బండి మొరాయించింది. ఫోన్ చేసి చెప్పకపోయావా?"

"చెప్పాను. సాయంత్రం చెప్పాను. బండి ఆగిపోయిందమ్మా అన్నాను. సరే నాన్నా అని పెట్టేసింది."

"సరే అందిగా. ఇంకేం?"

"నీకు తెలీదు. లారీ మీద ఉన్నన్నాళ్లూ ఇంటికి నేను చెప్పిన మాట అదే. పుట్టినరోజుకి రాలేదు, బండి ఆగిపోయింది. స్కూల్లో దాని పరుగుపందేనికి రాలేదు, బండి ఆగిపోయింది. వాళ్లమ్మని ఆస్పత్రిలో చేర్చిన రోజూ అదే. సగంసార్లు బండి శుభ్రంగానే ఉండేది. నేనే ఎక్కడో పేకాటలో కూర్చుని ఉండేవాణ్ణి."

"భలేవాడివే."

"ఈసారి నిజంగా ఆగింది. ఒట్టు. నిజం చెప్తే నమ్మే మనిషి లేకుండా చేసుకున్నాను. వాళ్లమ్మ పోయాక ఆ ఇంట్లో నేనూ, గోడలూ. టీవీ కట్టేస్తే భయమేస్తుంది, అందుకే పడుకునేటప్పుడు కూడా వాగనిస్తాను. ఆ కాగితం ఒక్కటి చేతికొస్తే వెళ్లి దాని తలుపు కొడతాను. కాగితం లేకుండా ఏమని కొట్టను?"

"సరే, సరే. ఆ స్టూలు లాక్కుని కూర్చో. రాస్తున్నా. డీజిలు కొట్టించిన రసీదుందా?"

"ఇదిగో."

"ఆ డీజిలు పట్టిన సీసా కూడా ఉంది. అబ్బ, అడుగున నాలుగు వేళ్ల మందం నీళ్లు. వానకి బంకు ట్యాంకులోకి దిగుంటాయి. రోజూ కడ్డీ దింపి చూసుకుంటే తెలిసేది. బద్ధకం, ఏం చేస్తాం. ఈ సీసా ఎవరు పట్టారు? నేనైతే కాదు."

"నేనే పట్టాను. రోడ్డు పక్కన. ఫిల్టరు కింద మర తిప్పి."

"మంచి పని చేశావు. చాలామందికి తట్టదు. బండి ఎన్నింటికి ఆగింది?"

"తొమ్మిదీ నలభైకి."

"మళ్లీ ఎన్నింటికి కదిలింది?"

"సాయంత్రం నువ్వొచ్చి లాక్కెళ్లావు కదా. అదే రాయి."

"అదే రాద్దును. కానీ ఫిల్టర్లో నీళ్లు బయటికి వదిలేశావంటున్నావు."

"వదిలేస్తే?"

"వదిలేసి, చేత్తో పంపు కొట్టి గాలి తీస్తే స్టార్టవుతుంది కదా. ట్యాంకులో ఇంకా నీళ్లుంటే కాస్త దూరం పోయాక మళ్లీ ఆగుతుంది. ముప్ఫై ఏళ్లు లారీ తోలినవాడివి, నీకు నేను చెప్పాలా?"

"ఆ రోజు ఎండగా ఉంది."

"ఎండకీ దీనికీ ఏంటి?"

"పంపు కొట్టే ఓపిక లేకపోయింది. వయసైపోయింది మేస్త్రీ. రాయి, సాయంత్రం దాకా అని రాయి."

"అలా కుదరదు బాబాయ్. ఫారంలో గడి పెట్టారు, బండి ఎంతసేపు ఆగింది అని. రేపు బంకు వకీలు నన్ను నిలబెట్టి అడుగుతాడు. స్టార్టయిందా, లేదా?"

"ఏదో అయింది."

"ఎంతసేపటికి?"

"పావుగంట."

"అంటే పదింటికల్లా నడుస్తోంది. అయితే నేను లాక్కొచ్చింది రెండోసారి ఆగినప్పుడన్నమాట. మొదట ఆగిన చోటి నుంచి అమ్మాయి బస్టాండు ఎంత దూరం?"

"ఆరు కిలోమీటర్లు."

"ఆరే? మరి సాయంత్రం దాకా ఎక్కడున్నావు? మళ్లీ పేకాటా?"

"ఛ. ముక్క ముట్టుకుని ఎన్నేళ్లయిందో."

"మరి? చూడు, నీళ్లు నిజం, బంకువాడి తప్పు నిజం. అంతవరకూ కళ్లు మూసుకుని సంతకం పెడతా. బండి ఆగడంవల్లే నువ్వు అక్కడికి వెళ్లలేకపోయావని మాత్రం నాచేత రాయించకు."

"వెళ్లలేదని నేనన్నానా?"

"వెళ్లావా?"

"వెళ్లాను. పదీ ఇరవైకే వెళ్లాను. బస్టాండుకి ఎదురుగా, గోడ పక్కన ఆపాను. దిగుదామని తలుపు తీసి, మళ్లీ వేసేశాను. ఇన్నాళ్లకి ఏ మొహం పెట్టుకుని దాని పక్కన కూర్చోను అనిపించింది, సిగ్గేసింది. యూనిఫాంలో అచ్చం వాళ్లమ్మలాగే ఉంది మేస్త్రీ. ముందు సీటు మీద తన సంచి పెట్టి ఎవర్నీ కూర్చోనివ్వలేదు. కండక్టరు విజిలు మీద విజిలు వేస్తున్నా, జనం అరుస్తున్నా, ఏడు నిమిషాలు బస్సు ఆపింది. నేను చూస్తూనే కూర్చున్నాను."